శూన్యాసనమును పూరింపవచ్చునా?

నశించిన చిత్రములను, కూలిన కట్టడములను, ఎన్నడో ఎత్తివేసిన ప్రదర్శనములను మరల కన్నుల యెదుట నిలుపగల విద్య యొకటి యీ కొలది యేండ్లలో లోకమున వ్యాపించినది. దానికి కృత్రిమ మేధ యని పేరు. లక్షలకొలది బొమ్మలను ముందుగా దానికి చూపి, పిమ్మట నాలుగు మాటలలో మన కోరిక చెప్పినచో, ఆ యంత్రము నిమిషములో క్రొత్తబొమ్మను కల్పించి యిచ్చును. చెరగినచోటు పూరింపబడును. విరిగిన చేయి మొలచును. నలుపు తెలుపుల ఛాయాచిత్రమునకు రంగులు వచ్చును. అమరావతి మహాస్తూపము నాడిట్లుండెనని చూపు బొమ్మలు మన చేతిఫోనులలోనికిని వచ్చుచున్నవి. చూచినవారు సంతోషించి మిత్రులకు పంపుచున్నారు. అవి నిజమైనవా యని యడుగువారు అరుదు; ఏ యాధారముపై గీయబడినవని యడుగువారు మఱియు నరుదు. ఈ రెండవ ప్రశ్నను గూర్చి మా పాఠకులతో కొంత విస్తరముగా ముచ్చటింపదలచితిమి.

ఈ విషయమున లోకము నెక్కువగా నాకర్షించిన యుదాహరణము వియన్నా నగరమునకు జెందినది. అచటి విశ్వవిద్యాలయపు మహామందిరమున పైకప్పునకు చిత్రములు వ్రాయుమని 1894లో గుస్తావ్ క్లిమ్ట్ అను చిత్రకారుని కోరిరి. ఆయన తత్త్వశాస్త్రము, వైద్యము, న్యాయశాస్త్రము అను మూడు చిత్రములు వ్రాసెను. మొదటిదానిని 1900లో ప్రదర్శించినంతనే ఎనుబదియేడుగురు ఆచార్యులు సంతకములు చేసి దానిని ఖండించిరి. ఆ యేడే పారిసు ప్రదర్శనమున అదే చిత్రమునకు బంగారుపతకము వచ్చినది! వివాదము ముదిరి ముదిరి, 1905లో క్లిమ్ట్ తాను ముందు గైకొన్న సొమ్మును తిరిగి చెల్లించి, తన చిత్రములను తన వశము చేసికొనెను. న్యాయశాస్త్రమను చిత్రమున ముదుసలి ముద్దాయి యొకడు వస్త్రహీనుడై, ఆక్టోపసు కౌగిట చిక్కి, తలవంచుకొని నిలిచియుండును. న్యాయదేవత మాత్రము ఎక్కడనో దూరమున చిన్నదిగా కనబడును. కోర్టుల వరండాలలో కాలము గడపిన మావంటివారికి ఆ చిత్రమును జూచి ఆచార్యులకు వచ్చినంత కోపము రాదు.

1938లో ఆస్ట్రియా నాజీల పాలైన తరువాత యూదు కుటుంబము సొత్తుగా నున్న చిత్రములు జప్తు చేయబడినవి. యుద్ధమునుండి కాపాడుటకని మూడు చిత్రములను ఇమ్మెండార్ఫు కోటలో దాచియుంచగా, 1945 మే నెలలో కోటతోపాటు అవియు భస్మమైనవి. మిగిలినవి నలుపు తెలుపుల ఛాయాచిత్రములు, వైద్యచిత్రములోని యొక భాగమునకు రంగుల ప్రతి, నాటి విమర్శకులు పత్రికలలో వ్రాసిన వర్ణనలు. 2021లో గూగులు సంస్థయు, వియన్నాలోని బెల్వెడియరు మ్యూజియమును గలిసి, క్లిమ్ట్ వ్రాసిన యితర చిత్రముల రంగులను యంత్రమునకు నేర్పి, ఆ వర్ణనలను దానికి జతచేసి, మూడు చిత్రములకును రంగులు వేయించిరి. వర్ణన దొరికినచోట అది శ్రద్ధతో చేసిన పనియే. తత్త్వశాస్త్ర చిత్రమున ఆకాశము ఆకుపచ్చగా నుండెనని నేడు మనము చెప్పగలుగుట నాడు దానిని కన్నులార జూచి వ్రాసిన విమర్శకుని పుణ్యమే. కాని వర్ణన దొరకనిచోట రంగు వేసినది యంత్రపు టూహ. చూచిన రంగు ఎచట ముగిసినది, ఊహించిన రంగు ఎచట మొదలైనది, బొమ్మ యెదుట నిలిచినవానికి తెలియదు. రెండును ఒకే నిండుదనముతో, ఒకే నిబ్బరముతో మెరయుచుండును. మా యాక్షేపణమంతయు నిచటనే యున్నది.

న్యాయశాస్త్రమున ఈ చిక్కు క్రొత్తది కాదు. అసలు దస్తావేజు పోయినప్పుడు ఏమిచేయవలెను? 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము దీనికి మార్గము చూపినది. దాని స్థానమున 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్తచట్టమును ఆ మార్గము విడువలేదు. అసలు పోయినదని రుజువు చేసినచో, దానినుండి యంత్రసాధనముతో తీసిన నకలును చూపవచ్చును. అసలుతో సరిపోల్చి చూచిన ప్రతిని చూపవచ్చును. అవియు లేనప్పుడు, ఆ పత్రమును స్వయముగా చూచినవాడు వచ్చి అందేమున్నదో చెప్పవచ్చును. స్వయముగా చూచినవాడు! చట్టమంతయు ఆ మాటపై నిలిచియున్నది. ఇట్టి పత్రములు వేయి చదివినాను, కావున పోయిన పత్రమున ఇట్లుండియుండునని చెప్పువానిని ఏ న్యాయాధిపతియు సాక్షిగా అంగీకరింపడు. మిక్కిలి గౌరవించినచో వానిని నిపుణుడనవచ్చును. నిపుణుని యభిప్రాయము వినవచ్చును. కాని ఆ యభిప్రాయమునకు హేతువులేవి యని యడిగినప్పుడు అతడు బోనులో నిలిచి బదులు చెప్పవలెను. కృత్రిమ మేధ కల్పించిన బొమ్మ సాక్ష్యము కాదు, అభిప్రాయము. అదియు హేతువులు చెప్పలేని నిపుణుని యభిప్రాయము.

ఈ సూత్రము పట్టుకొని మన యింటి సంగతి విచారింతము.

నేటి పల్నాడు జిల్లాలో, కృష్ణానది దక్షిణతీరమున, ధరణికోట ప్రక్కనే దీపాలదిన్నె యను మట్టిదిబ్బ యుండెడిది. పదునెనిమిదవ శతాబ్దపు తుదిని రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతికి తన నివాసము మార్చి క్రొత్తపట్టణము కట్టించుచు, ఇటుకలకును రాళ్లకును ఆ దిబ్బను త్రవ్వించెను. లోపల చెక్కడపు పనితో నిండిన తెల్లని ఫలకములు బయటపడినవి. ఆ వార్త విని 1798లో కాలిన్ మెకంజీ దొర వచ్చి చూచెను. ఆయన మరల 1816లో వచ్చునప్పటికి ఎన్నియో రాళ్లు మాయమై, దిబ్బ నడుమ కోనేటికై గుంట త్రవ్వబడియుండెను. మెకంజీ అప్పుడొక మేలుపని చేసెను. తన చిత్రకారులచే మిగిలిన ఫలకములను కొలతలతో గీయించెను. ఆ చిత్రముల సంపుటము నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో నున్నది. అందు గీయబడిన ఫలకములలో ఎన్నియో తరువాత కనబడలేదు. సున్నపురాయి కావున కొన్నిటిని బట్టీలలో కాల్చి సున్నము చేసిరి. కొన్నిటిని గోడలలోను మెట్లలోను వాడుకొనిరి. ఆ శిల్పములకు నేడు మిగిలిన రూపమంతయు ఆ కాగితములపై గీతలే. చట్టపు భాషలో జెప్పవలెనన్న, అవి అసలుతో సరిపోల్చి చూచిన ప్రతులు.

వేంకటాద్రి నాయని నిందించుట సులువు. ఆ దిబ్బలో నేమున్నదో ఆయనకు తెలియదు. ఆయనకు చెప్పగలవారును ఆ సీమలో లేరు. తెలిసినవారు చేసినదానికి ఏమందుము? 1830 దశకమున కొన్ని ఫలకములను మచిలీపట్టణమునకు దెచ్చి పేట కూడలికి అలంకారముగా నిలిపిరి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీసిన శిల్పములు చెన్నపట్టణము చేరి, చాలకాలము ఎండకును వానకును బయట పడియుండెను. 1858లో లిన్నీయస్ ట్రైప్ అను సైనికోద్యోగి వానికి ఛాయాచిత్రములు తీయుట మన యదృష్టము. మరుసటి యేడు సుమారు 120 శిల్పములు ఓడనెక్కినవి. లండనులో వానికి తగిన చోటు దొరకక, కొన్నాళ్లు రేవు గిడ్డంగిలోను, పిదప ఫైఫు హౌసు అను భవనపు బండ్లసాలలోను బడియుండగా, 1867లో ఫెర్గుసను పండితుడు వెదకి పట్టెను. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. ఆ యేడే ఇచట మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు దిబ్బనంతను ఒక్కమారుగా త్రవ్వి శుభ్రముచేయ నాజ్ఞాపించెను. మూడేండ్లకు ముందు రాబర్టు స్యూయెల్ కొంత త్రవ్వి, ఏ రాయి యెచట దొరికినదో జాగ్రత్తగా వ్రాసిపెట్టెను. 1880లో త్రవ్వినవారు అట్టి వ్రాత యేదియు పెట్టలేదు. 1881లో జేమ్సు బర్జెసు వచ్చి చూచునప్పటికి స్తూపమున్న చోట పెద్దగుంటయు, దాని యొడ్డున వరుసలు దప్పిన రాళ్లును మాత్రమే యుండెను. ఏ ఫలకము ఏ ఫలకము ప్రక్కన నుండెనో తెలిపెడి ఆధారము ఆ కొలది నెలలలో శాశ్వతముగా పోయినది. రాయి పగిలినచో అతుకవచ్చును. రాయి యున్న చోటు పోయినచో దానిని ఏ యంత్రము అతుకును?

ఇప్పుడు యంత్రమును పిలిచి అమరావతిని మరల కట్టుమందము. అది దేనిని జూచి నేర్చుకొన్నది? లోకమున స్తూపములనగా ఎక్కువగా ఛాయాచిత్రములకెక్కినది సాంచి. సాంచికి నాలుగు దిక్కుల నున్న ఎత్తైన తోరణద్వారములు బడిపిల్లలకును పరిచితములు. ఆంధ్రదేశపు స్తూపముల మార్గము వేరు. ఇచట నాలుగు దిక్కులను వేదికనుండి ముందునకు వచ్చిన అరుగులపై ఐదేసి ఆయకస్తంభములు నిలిచెడివి. ప్రాకారపు ద్వారములకడ కూర్చున్న సింహములుండెడివి. అమరావతికి సాంచివంటి తోరణములు లేవు. కాని యంత్రమునకు అలవాటైనది సాంచి కావున, అడిగినచో కృష్ణాతీరమున సాంచి తోరణమును నిలుపుటకు దానికి వెనుకాడ నవసరమేమి? ఎక్కువమంది చేసినదే అందఱును చేసియుందురని తలచుట దాని స్వభావము. మన శాతవాహనుల నాటి శిల్పులు ఎచట అందఱివలె చేయలేదో అచటనే వారి ప్రతిభ యున్నది; యంత్రము మొట్టమొదట చెరిపివేయునదియు అదియే.

ఇంతకంటె సున్నితమైన విషయ మొకటి యున్నది. అమరావతి శిల్పులు తొలికాలమున బుద్ధుని మనుష్యరూపమున చెక్కలేదు. ఖాళీ సింహాసనము, పాదముద్రలు, బోధివృక్షము, ధర్మచక్రము, జ్వాలలు వెడలు స్తంభము — వీనితోనే ఆయన యున్నాడని తెలిపిరి. చుట్టును స్త్రీపురుషులు చేతులు జోడించి, ఎవరును లేని యాసనమునకు మ్రొక్కుచుందురు. తరువాతి కాలమున రూపమును చెక్కుట వచ్చినది. ఒకే స్తూపపు ఫలకములలో రెండు పద్ధతులును మనకు కనబడుచున్నవి. లోపించినదానిని పూరింపుమని మనము యంత్రమునకు చెప్పినప్పుడు, సుత్తిదెబ్బకు పోయిన చోటునకును, శిల్పి తెలిసి విడిచిన చోటునకును గల భేదమును దానికి బోధించువారెవరు? ఆ సింహాసనముపై చిఱునవ్వు మొగముతో నొక విగ్రహమును కూర్చుండబెట్టుట దానికి క్షణకాలపు పని. చూచువారు ఎంత యందముగా నున్నదో యని మెచ్చుకొందురు. రెండువేల యేండ్ల క్రిందటి భక్తుల విశ్వాసము ఆ క్షణముననే తారుమారగును.

మంచిబుద్ధితో చేయు మరమ్మతు సంగతి మన తెలుగువారు ఎఱుగనిది కాదు. అజంతా గుహలు హైదరాబాదు సంస్థానమున నున్న దినములలో, 1920 మొదలుకొని నిజాము ప్రభుత్వము ఇటలీనుండి ఇద్దఱు నిపుణులను రప్పించి కుడ్యచిత్రములను బాగుచేయించెను. ఊడిపోవు పూతను గోడకు బిగించుట వలన మేలే జరిగినది. కాని పైన పూసిన లక్కపూత కాలక్రమమున పసుపుబారి చిత్రముల రంగులను కప్పివేసినది. దానిని తొలగించుటకు తరువాతివారు పడిన శ్రమ యింతింత గాదు. అంతకు పూర్వమే అజంతాకు వ్రాసిన ప్రతుల గతియు దుఃఖకరమే: రాబర్టు గిల్ వ్రాసినవి చాలవరకు 1866లో లండను క్రిస్టల్ ప్యాలెసు అగ్నికి, గ్రిఫిత్సు దొర బొంబాయి విద్యార్థులచే వ్రాయించినవానిలో అనేకములు 1885లో అచటిదే మఱియొక యగ్నికి ఆహుతియైనవి. లక్కపూతను ఎట్లో తుడువవచ్చును. కోట్ల ఫోనులలోనికి ప్రాకిన తప్పుబొమ్మను తుడుచు ద్రావకమేది?

ఇంత చెప్పితిమని మేమీ యంత్రమును బహిష్కరింపు డనుటలేదు. దానిని ఎట్లు వాడవలెనో చూపినవారున్నారు. ఇటలీలో పాడువా నగరమున ఎరెమితాని చర్చిలో మాంతెన్యా అను మహాచిత్రకారుడు వ్రాసిన కుడ్యచిత్రములు 1944 మార్చి 11న బాంబులు పడి ముక్కలైనవి. ఆ ముక్కలను 80,000కు పైగా పోగుచేసి పెట్టెలలో దాచిరి. చాలకాలమునకు గణితశాస్త్రజ్ఞులు ఒక్కొక్క ముక్కను పాత ఛాయాచిత్రములతో పోల్చి, అది యెచటిదో కంప్యూటరుచే వెదకించిరి. ఆ యంత్రము కల్పించునది కాదు, పోల్చునది. ముక్క దొరికినచోట రంగు కనబడును. దొరకనిచోట పాత ఛాయాచిత్రపు బూడిదరంగే కనబడును. ఆ గోడను జూచువాడు, ఏమి మిగిలినదో ఏమి పోయినదో తన కన్నులతో చూచును. ఆంస్టర్‌డాంలో రెంబ్రాంటు చిత్రమైన రాత్రి గస్తీని 1715లో గోడకు సరిపోవుటకై అంచులు కోసివైచిరి. 2021లో రైక్స్ మ్యూజియమువారు, కోయకముందు వేఱొకరు వ్రాసిన చిన్నప్రతిని ఆధారము చేసికొని, కృత్రిమ మేధచే ఆ యంచులను వ్రాయించిరి. అచటను ప్రతి యున్నది. ఊహ మాత్రమే కాదు. అయినను ఆ యంచులను అసలుచిత్రమునకు అంటింపక, ప్రక్కన నిలిపి, మూడు నెలలు చూపి తీసివేసిరి. తమ హద్దు తామెఱిగినవారి పని యట్లుండును.

కట్టడములను బాగుచేయుటకు 1964లో వెనిసు నగరమున లోకపు నిపుణులు చేసికొన్న కట్టుబాటు ప్రకారము, ఊహ మొదలైనచోట మరమ్మతు ఆగిపోవలెను. కంప్యూటరు బొమ్మలకు 2009లో ఖరారైన లండను కట్టుబాటు, ఆధారమేదో ఊహయేదో చూచువానికి తెలియజేయవలెనని కోరుచున్నది. ఈ రెంటికిని చట్టబలము లేదు. మన ప్రభుత్వములు తాము సొమ్మిచ్చి చేయించు పనులకు వీనిని షరతుగా పెట్టుటకు అడ్డమును లేదు. అమరావతి బొమ్మ యొకటి సర్కారు ఖర్చున వెలువడునెడల, నేడు చేతికందు రాయి యొక రంగున, మెకంజీ చిత్రములలోను ట్రైప్ ఛాయాచిత్రములలోను మాత్రమే మిగిలినది వేఱొక రంగున, పండితుల యూహ వట్టి గీతలతోను చూపబడవలెను. ఆ స్తూపపు ఎత్తు విషయమునను ఫలకముల వరుస విషయమునను పండితులే నేటికి ఏకీభవింపలేదు. స్తూపపు బొమ్మను చెక్కిన ఫలకములు స్తూపముననే యున్నవి గదా యందురేమో! ఉన్నవి. కాని ఒకదానికొకటి సరిగా పోలవు. శిల్పి తన కన్నులకు గట్టిన శోభను చెక్కెను గాని ఇంజనీరు పటము గీయలేదు. అట్టిచోట ఒక్క బొమ్మయే సత్యమని నిలుపుట కంటె, రెండు మూడు విధములుగా నుండియుండవచ్చునని చూపుట నిజాయితీ.

సామాన్యుని పక్షమున నొక వాదము కలదు. దానిని మేము తేలికగా త్రోసివేయజాలము. అమరావతికి విద్యార్థులను తీసికొనిపోయిన ఉపాధ్యాయుడు వారికి చూపగలిగినదేమి? గడ్డిమొలచిన గుండ్రని ఇటుకదిబ్బ, నిలబెట్టిన కొన్ని రాళ్లు, చిన్న మ్యూజియము. మిగిలిన వైభవము చెన్నపట్టణమున గోడలకు సిమెంటుతో బిగింపబడి కొంత, కలకత్తాలో కొంత, లండనులో కొంత యున్నది. లండను ప్రయాణపు ఖర్చు ఎన్ని కుటుంబములు భరింపగలవు? ఆ పిల్లవానికి ఒక బొమ్మ యైనను చూపవలదా? తప్పక చూపవలెను. కాని వానికి చూపవలసినది కల్పన కాదు. వాని తాతముత్తాతల చేతిపని. చెదరిన ఫలకములనన్నిటిని సూక్ష్మముగా కొలిచి, నలువైపుల ఛాయాచిత్రములు తీసి, ఒకేచోట జేర్చినచో, ఖండాంతరములందున్న రాళ్లు తెరపై మరల నొకదాని ప్రక్కన నొకటి నిలుచును. విరిగిన యంచునకు విరిగిన యంచు ఎచట సరిపోవునో వెదకుట యంత్రమునకు తగినపని. దీనికి కావలసిన సొమ్ము సినిమావంటి బొమ్మ తీయించుట కంటె ఎక్కువ కాకపోవచ్చును; ఓపిక మాత్రము ఎక్కువ కావలెను.

మఱియొక సంగతి. రాళ్లను తిరిగి యిండని మనము కోరునప్పుడు, 1963వ సంవత్సరపు బ్రిటిషు మ్యూజియపు చట్టము సొత్తును వదలుకొనుటకు ట్రస్టీలకు అడ్డము వచ్చుచున్నదని చెప్పుదురు. ఇకముందు, మీ తెరపై సంపూర్ణ స్తూపమే యున్నదిగదా, ఇక రాళ్లేల యనువారును బయలుదేరవచ్చును. ఆ మాటకు మనమే తావిచ్చుట తగదు. ప్రకాశం జిల్లా చందవరమునుండి దొంగిలింపబడిన బౌద్ధఫలక మొకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు అమ్ముడువోయి, 2016లో భారతదేశమునకు తిరిగివచ్చినది. దానిని తెచ్చినది ఉపన్యాసములు గావు. ఆ రాయి చందవరమున నున్నప్పుడు తీసిన పాత ఛాయాచిత్రము. నిజమైన ఛాయాచిత్రమునకు గల యీ విలువ, కల్పించిన బొమ్మలు వేలకొలదిగా దానితో కలిసిపోయి, ఏది యేదో ఎవరికిని తెలియని దినము వచ్చిననాడు ఏమగును? నాడు అవతలిపక్షపు న్యాయవాది లేచి, ఇదియు యంత్రము గీసినదే కాదా యని యొక్క ప్రశ్న వేసిన జాలును.

కావున ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వముల పురావస్తుశాఖలు తమ పాత ఛాయాచిత్రములను, త్రవ్వకపు దినచర్యలను, వస్తువుల పట్టికలను ఇప్పుడే తేదీలతో నమోదుచేసి, ఎవరును మార్చజాలని రీతిని భద్రపరచి, ప్రజలకు తెఱచి యుంచవలెనని కోరుచున్నాము. మెకంజీ సంపుటమునకు తెలుగు వివరణతో నొక ప్రతి అమరావతి మ్యూజియమున ఉండవలెను. ఆ దొర సేకరణకు ప్రాణమై నిలిచిన కావలి సోదరులు ఏలూరువారు. రెండువందల యేండ్ల తరువాతనైనను ఆ కాగితములు తెలుగులో మాటాడుట న్యాయము. బ్రిటిషు లైబ్రరీకి ఉత్తరము వ్రాయుటకు శాసనసభ తీర్మానము అక్కఱలేదు, ఒక అధికారి సంతకము చాలును.